చీపురు బిల్లుకు ఒక్క ఓటు

మా రాష్ట్ర శాసనసభలో ఏటా సమావేశాల చివరి రోజున ఒక బిల్లు వస్తుంది. దాని అసలు పేరు నోరు తిరగనంత పొడుగు. సభలో అందరూ దాన్ని చీపురు బిల్లు అంటారు. పాత చట్టాల్లో చచ్చుపడిపోయిన సెక్షన్లను ఊడ్చి పారేయడం, మూతపడిన శాఖల పేర్లు తీసి కొత్త శాఖల పేర్లు పెట్టడం, ఎప్పుడో పోయిన తోడేళ్ల నిర్మూలన సంఘాన్ని మళ్లీ ఒకసారి అధికారికంగా పంపించేయడం, ఇదీ దాని పని. లావుగా ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. రెండు పార్టీలూ కొట్టుకోకుండా కలిసికట్టుగా చేసే పని ఆ సభలో ఏదైనా ఉందంటే, ఆ బిల్లు చదవకపోవడమే.

ఆ ఏడు దాన్ని వెర్నా లిండ్ చేతిలో పెట్టారు. వెర్నా ఉత్తరాన హెరింగ్ సరస్సు ఒడ్డున చేపల ఎరలూ గాలాలూ అమ్ముకునే కొట్టు మనిషి. యాభై దాటాక ఏం బుద్ధి పుట్టిందో ఎన్నికల్లో నిలబడింది, ఎదుటివాడు మరీ పనికిమాలినవాడు కావడంతో గెలిచింది. సభకు కొత్త. కొత్తవాళ్లకి మొదటి బిల్లుగా చీపురు బిల్లు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ.

"చూడు వెర్నా, ఇందులో ఏమీ లేదు," అన్నాడు డెల్బర్ట్ క్రౌస్, బిల్లు ఆమె బల్ల మీద పడేస్తూ. అతను అధికార పక్ష నాయకుడు. ముప్పై ఏళ్లుగా సభలో ఉన్నాడు, ఆ ముప్పై ఏళ్లూ తను చెప్పిన జోకులకి తనే ముందు నవ్వుతున్నాడు. "ఏమీ లేదు కాబట్టే నీకిస్తున్నా. పైన నీ పేరుంటుంది. లేచి నిలబడు, రెండు ముక్కలు మాట్లాడు, పాస్ చేయించుకో. రేపు మీ ఊళ్లో చెప్పుకోవచ్చు, నా పేరుతో చట్టమొకటి ఉందని."

వెర్నా పొంగిపోయింది. పొంగిపోయి, మిగతా అందరిలాగే తనూ చదవలేదు. ఆ మాట దాచిపెట్టి ఆమెను దేవతను చేయడం నావల్ల కాదు.

సమావేశాలు ముగియడానికి రెండు రోజుల ముందు ఆమెకు ఫోనొచ్చింది. స్పూనర్ దీవి నుంచి ఆర్విడ్ కంగాస్. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు వల వేసి బతికినవాడు. వెర్నాని చిన్నప్పట్నుంచీ ఎరుగును.

"ఏమే వెర్నా, నీకు మతిగానీ పోయిందా?"

"ఏమైంది పెద్దాయనా?"

"ఏమైందా? నా మంచుదారిని ఊడ్చి పారేసి, ఏమైందని నన్నే అడుగుతావా?"

"నేనా? నేనెప్పుడు ఊడ్చాను?"

"బిల్లు మీద ఉన్నది నీ పేరే కదా! కౌంటీ రోడ్ల ఆఫీసులో ఆ హెండ్రిక్స్ గాడు నాకు చూపించి మరీ నవ్వాడు. వచ్చే చలికాలం నుంచి మాకా పీడ వదిలింది తాతా, అన్నాడు. వాడి పళ్లు రాలగొడదామనుకున్నా. సెల్మా ఆస్పత్రిలో కూర్చుని ఉందని వచ్చేశా."

స్పూనర్ దీవి సరస్సు మధ్యలో ఉంది. వేసవిలో పడవ తిరుగుతుంది. చలికాలంలో సరస్సు గడ్డకడితే మంచు మీదే దారి. ఆ దారి వేయాల్సింది కౌంటీ వాళ్లు. మంచు మందం కొలవాలి, పైన పడే హిమాన్ని ఎప్పటికప్పుడు గీకేయాలి, ఊళ్లో జనం పండగయ్యాక పారేసిన క్రిస్మస్ చెట్లు తెచ్చి దారికి రెండు వైపులా గుచ్చాలి. మంచుతుఫానులో ఆ చెట్లు చూసుకునే బండ్లు నడుపుతారు. ఇదంతా చేసి తీరాలని ఆర్విడ్ తాతగారి కాలంలో చట్టం చేశారు. ఆ చట్టం ఉంది కాబట్టే కౌంటీ వాళ్లు ఏడుస్తూనైనా చేస్తున్నారు. ఆర్విడ్ భార్య సెల్మాకి రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఒడ్డునున్న ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. దారి లేకపోతే చలికాలమంతా ఆమె ఊళ్లో ఏదో గదిలో పడి ఉండాల్సిందే.

"ఎందుకు తీసేశారట?" అంది వెర్నా, బిల్లు కాగితాలు గబగబా తిప్పుతూ.

"వంతెన వచ్చిందట, అందుకని దారి అక్కర్లేదట."

"ఏ వంతెన?"

"అదే నేనూ అడుగుతున్నా, ఏ వంతెన? ఉండు, కిటికీలోంచి మళ్లీ చూస్తా, మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు కట్టారేమో!" ముసలాయన గొంతు తగ్గించాడు. "వెర్నా, దానికి ఈ ఇల్లే కావాలి. నేను ఇక్కడే పోతాను, నన్ను ఊళ్లోకి తీసుకెళ్లకు అంటోంది. రోజూ అదే మాట. నేనేం చెప్పను?"

"నేను చూసుకుంటాను," అంది వెర్నా. అని ఫోను పెట్టేసి, సెక్షను వెతికి చదివింది. ఉంది. ఒకే ఒక్క వాక్యం. దానితో మంచుదారి చట్టం రద్దు. కారణం, కాలం చెల్లినది.

చట్టాలు రాసే ఆఫీసు కింది అంతస్తులో ఉంది. అక్కడ బిల్లు తయారుచేసిన లాయరు మెర్విన్ ప్రాట్ ఉడకబెట్టిన గుడ్డు ఉప్పులో అద్దుకుని తింటున్నాడు. వెర్నా చెప్పిందంతా విన్నాడు. చేతులు తుడుచుకుని, బీరువాలోంచి ఒక సంపుటం తీసి, పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"ఇదిగోండి వంతెన."

అది వెర్నా పుట్టక ముందు చేసిన చట్టం. స్పూనర్ దీవికి వంతెన కట్టడానికి ఒక సంస్థను ఏర్పాటు చేశారు, దానికి అధికారాలు ఇచ్చారు, వంతెన మీద గుర్రపు బండికి ఎంత, మోటారు బండికి ఎంత అని సుంకం కూడా పెట్టారు.

"ఇది కట్టలేదండీ," అంది వెర్నా.

"కట్టాలని చట్టం ఉంది."

"చట్టం ఉంటే ఉంది. వంతెన లేదు. నేను ఆ ఒడ్డున పుట్టాను."

"మీరు ఒడ్డు చూసి మాట్లాడుతున్నారు. నేను చట్టం చూసి మాట్లాడుతున్నాను. వంతెన రద్దయినట్టు ఎక్కడా లేదు. కాబట్టి ఉన్నట్టే. వంతెన ఉన్నచోట మంచుదారి దండగ."

వెర్నాకి ఒళ్లు మండింది. అయినా తమాయించుకుంది. "పోనీ, ఆ ఒక్క సెక్షను తీసేయండి."

"తీయాలంటే సవరణ పెట్టాలి. ఈ బిల్లుకి సవరణలు పెట్టకూడదు. పెడితే అది విధానపరమైన బిల్లు అయిపోతుంది. ఇది విధానం కాదు మేడమ్, శుభ్రం చేయడం."

"ఉన్న దారి ఎత్తేయడం విధానం కాదా?"

"కాదు. అది శుభ్రం."

"మరి పోయిన దారి మళ్లీ పెట్టమంటే?"

"అది విధానం. కమిటీకి వెళ్లాలి, ఖర్చు అంచనా వేయాలి, కౌంటీ వాళ్ల అభిప్రాయం తీసుకోవాలి." ప్రాట్ జాలిగా చూశాడు. "కష్టమండీ."

ఆయన దుర్మార్గుడు కాడు. దుర్మార్గుడైతే బతిమాలో బెదిరించో లొంగదీసుకోవచ్చు. ఇలాంటివాళ్లతోనే చావు. మనిషి మునిగిపోతుంటే, ఈ సరస్సు లోతు చట్టప్రకారం మోకాలి దాకానే అని చదివి వినిపించే రకం.

వెర్నా పైకెళ్లి డెల్బర్ట్‌ని పట్టుకుంది.

"వచ్చే ఏడు చీపురు బిల్లులో సరిచేద్దాంలే," అన్నాడు అతను, ఫోను చూసుకుంటూ.

"మధ్యలో చలికాలం ఉంది డెల్బర్ట్."

"చలికాలం ఎప్పుడూ ఉంటుంది."

"అయితే నేను బిల్లు వెనక్కి తీసుకుంటాను."

అప్పుడు తలెత్తాడు. "నీ పేరు తీసేస్తే ఇంకొకడి పేరు పెడతా. బిల్లు మాత్రం ఆగదు. ఏమీ లేని బిల్లు కూడా పాస్ చేయించుకోలేని మనిషివని పేరు పడితే, రేపు నీ మాట ఎవడు వింటాడు? ఎవరో ఇద్దరు ముసలాళ్ల కోసం... పోనీ ఇలా చెయ్. చివర్లో దాని గురించి రెండు మాటలు మాట్లాడు. రికార్డులో ఉంటుంది."

సరే, మాట్లాడదాం అనుకుంది వెర్నా. ఇంతమంది పెద్దవాళ్లు, వింటే అర్థం చేసుకోరా అనుకుంది. పాపం, ఇంకా కొత్త.

ఎందుకంటే సభలో మొదటి బిల్లుకి ఇంకో ఆనవాయితీ ఉంది. కొత్త సభ్యుడు లేచి బిల్లు గురించి చెప్పగానే పాతవాళ్లంతా కలిసి ఆట పట్టిస్తారు. పిచ్చి ప్రశ్నలు అడుగుతారు. కొత్తవాడు తన ఊరి తిండి ఏదో ఒకటి తెచ్చి అందరికీ పంచాలి. ఓటింగు మొదలవగానే కొత్తవాడు పచ్చ మీట నొక్కుతాడు, మిగతా సభంతా ఎర్ర మీట నొక్కుతుంది. గోడ మీది బోర్డు నిండా ఎర్ర దీపాలు, మధ్యలో ఒంటరిగా ఒక్క పచ్చ. అప్పుడు స్పీకరు మొహం గంభీరంగా పెట్టి, "ఓటింగు మూసేయమంటారా?" అంటాడు. కొత్తవాడు వద్దు వద్దని చేతులు జోడించాలి. అందరూ పొట్ట చేత పట్టుకుని నవ్వి, ఎరుపు మార్చి పచ్చ నొక్కుతారు. బిల్లు ఏకగ్రీవం. ఈ పని కోసం జనం వీళ్లకి జీతాలిస్తున్నారు.

చివరి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వెర్నా వంతు వచ్చింది. ఆమె పొగబెట్టిన తెల్లచేప తెచ్చి బల్లబల్లకీ తనే పంచింది. సభంతా చేప వాసన. ఆ రోజుతో సమావేశాలు అయిపోతున్నాయి, అందరూ హుషారుగా ఉన్నారు.

"ఈ బిల్లులో ఎన్ని ఈగలున్నాయో గౌరవ సభ్యురాలు లెక్క చెబుతారా?" అని ఒకాయన.

"ఈ చేప బిల్లులో భాగమా, సవరణా?" అని ఇంకొకాయన. సభ దద్దరిల్లింది.

"సభ్యురాలు ఇంట్లో కూడా ఇలాగే ఊడుస్తారా, లేక వాళ్లాయన ఊడుస్తారా?" అని డెల్బర్ట్. అని, తనే ముందు నవ్వాడు.

వెర్నా మైకు దగ్గరికి జరిగింది. "అధ్యక్షా, ఒక్క నిజం మాట. ఈ బిల్లులో స్పూనర్ దీవి మంచుదారిని రద్దు చేస్తున్నారు. వంతెన ఉందని రాశారు. అక్కడ వంతెన లేదు."

సభ ఘొల్లుమంది.

"కథల్లో వంతెనల కింద కాపురముండే ట్రోలు దయ్యం ఈ లేని వంతెన కింద కూడా ఉందా?" అని వెనక బెంచీ నుంచి ఎవరో.

"లేదండీ, నేను నిజంగా చెబుతున్నాను. అక్కడ సెల్మా కంగాస్ అని ఒక పెద్దావిడ ఉంది, ఆవిడ డయాలసిస్‌కి..."

"అయ్యో, ఏడిపించేస్తోందిరా!" అని డెల్బర్ట్ జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. పక్కవాళ్లూ జేబురుమాళ్లు తీశారు. ఒకాయన ఎక్కెక్కి ఏడ్చినట్టు నటించాడు. ఇన్నేళ్లలో ఇంత బాగా ఎవరూ ఆడలేదని ముందు వరుసలో ఒకావిడ మెచ్చుకుంది.

వెర్నా మైకు వదిలి తన బల్ల దగ్గరికి జరిగింది. ఇంత సిగ్గుమాలిన జనాన్ని ఆమె చేపల సంతలో కూడా చూడలేదు. చేపల సంతలో కనీసం ఏం కొంటున్నారో చూసి కొంటారు.

స్పీకరు ఓటింగు తెరిచాడు. ఆమె వేలు అలవాటు ప్రకారం పచ్చ నొక్కింది. బోర్డు మీద టపటపా ఎర్ర దీపాలు. కుడివైపంతా ఎరుపు, ఎడమవైపంతా ఎరుపు. అధికార పక్షం, ప్రతిపక్షం, పుట్టిన దగ్గర్నుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు కూడా ఎరుపే.

"ఓటింగు మూసేయమంటారా?" అన్నాడు స్పీకరు, సుత్తి పైకెత్తి.

వెర్నా బోర్డు వైపు చూసింది. అప్పటిదాకా ఆమెకి ఏ ఆలోచనా లేదు. ఆ ఎరుపంతా చూశాకే వచ్చింది.

"మూసేయండి," అంది.

సభ మళ్లీ నవ్వింది. స్పీకరు కనుబొమలెగరేశాడు. "ఏమిటీ? నిజంగానే మూసేయమంటారా?"

"నిజంగానే. మూసేయండి అధ్యక్షా."

కొత్తావిడ ఆటని ఒక మెట్టు పైకి తీసుకెళ్లిందనుకున్నాడు స్పీకరు. వేళాకోళంలో తను ఓడిపోవడం ఆయనకి ఇష్టం లేదు. చూపిస్తాను చూడు అన్నట్టు సుత్తి టంగున కొట్టాడు. యంత్రం ఓట్లను బిగించేసింది. గుమాస్తా, ఆయనకి ఆటలు తెలీవు, మైకులో చదివేశాడు. "అనుకూలం, ఒకటి. వ్యతిరేకం, మిగతా సభ్యులందరూ. బిల్లు వీగిపోయింది."

నోట్లో చేపముక్క ఉన్నవాళ్లు నమలడం మానేశారు.

డెల్బర్ట్ లేచాడు. "అధ్యక్షా, ఇది ఊరికే..." అని ఆగాడు. మళ్లీ ఓటింగు పెట్టాలంటే మరుసటి రోజు సభ కూర్చోవాలి. మరుసటి రోజు సభ లేదు, వచ్చే జనవరి దాకా లేదు. నిబంధనలు పక్కనపెట్టి అప్పటికప్పుడే పెట్టవచ్చు, కానీ ఎందుకో కారణం చెప్పి రికార్డులో రాయించాలి. పైన గ్యాలరీలో పత్రికలవాళ్లు ఇద్దరు అప్పటికే పెన్నులు తీశారు. 'మేమందరం సరదాకి ఓటేశాం, బిల్లులో ఏముందో మాకు తెలీదు' అని రికార్డులో రాయించడానికి అంతమందిలో ఒక్కడికీ నోరు పెగల్లేదు. డెల్బర్ట్ నీళ్లు నమిలి కూర్చున్నాడు.

సభ ముగిశాక పత్రికలవాళ్లు గుమ్మంలోనే అతన్ని ఆపారు. "రెండు పార్టీలూ కలిసి చీపురు బిల్లుని ఓడించడం మేమెప్పుడూ చూడలేదు. ఎందుకండీ?"

డెల్బర్ట్ ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు. అంత పెద్ద బుర్రలో వెతుక్కుంటే అతనికి దొరికింది ఒక్కటే వాక్యం, అదీ వేరేవాళ్లది.

"అక్కడ వంతెన లేదండీ," అన్నాడు గంభీరంగా. "స్పూనర్ దీవిలో రోగులున్నారు, పెద్దవాళ్లున్నారు. వాళ్ల దారి ఎవరో తీసేస్తుంటే మేం చూస్తూ ఊరుకుంటామా?"

ఇక మిగతావాళ్లకి దారి దొరికింది. ప్రతి పేజీ చదివామన్నారు. ఆ సెక్షను చూసి రాత్రి నిద్ర పట్టలేదన్నాడొకాయన. మా సభలో ఏ బిల్లునీ కళ్లు మూసుకుని పాస్ చేయం అని స్పీకరు రేడియోలో చెప్పాడు. ఒకావిడ సెల్మా కంగాస్ పేరు తలుచుకుని నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాల్లో వచ్చింది. 'దీవి దారిని కాపాడిన సభ. బిల్లు పెట్టిన సభ్యురాలు ఒక్కరే అనుకూలం.' పక్కనే వెర్నా ఫొటో, నోరు సగం తెరిచి ఉండగా తీసింది.

వెర్నా పేపరు చూసి మొదట నవ్వింది. ఊరెళ్లాక నవ్వు పోయింది. కొట్టుకి జనం రావడం తగ్గింది. వచ్చినవాళ్లు ఎరలు కొనుక్కుని తలొంచుకుని పోతున్నారు. ఆర్విడ్ ఆ వేసవంతా పక్క రేవులో కొనుక్కున్నాడు. ఫోను చేస్తే ఎత్తలేదు.

జనవరిలో సరస్సు గట్టిగా గడ్డకట్టింది. కౌంటీ వాళ్లు హిమం గీకారు, మందం కొలిచారు, చెట్లు గుచ్చారు. దారి తెరవడానికి, ఆఖరి క్రిస్మస్ చెట్టు గుచ్చడానికి ముఖ్య అతిథిగా ఎవరిని పిలిచారనుకున్నారు? డెల్బర్ట్ క్రౌస్‌ని. ఎలుగు చర్మం టోపీ పెట్టుకుని వచ్చాడు. చెట్టు గుచ్చి, ఫొటో దిగి, వంతెన లేని విషయం తను కనిపెట్టిన తీరు కాసేపు వర్ణించాడు. హెండ్రిక్స్ చప్పట్లు కొట్టాడు. ఆర్విడ్ ఏకంగా చేతితొడుగు తీసి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు.

వెర్నా అంతా అయ్యేదాకా ఆగి, ఆర్విడ్ ట్రక్కు దగ్గరికి వెళ్లింది. లోపల సెల్మా దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. ఆస్పత్రి నుంచి ఇంటికి వెళుతున్నారు.

"పెద్దాయనా, ఒక్క నిమిషం. నా మాట విను."

"వినడానికేముంది?" ఆర్విడ్ ఆమె మొహం చూడలేదు. "చూసుకుంటానన్నావు. చూసుకున్నావుగా."

"ఆ బిల్లు ఆపింది నేను. వాళ్లందరూ సరదాకి ఎర్ర మీట నొక్కారు. కొత్తవాళ్లని అలా ఏడిపిస్తారక్కడ. నేను స్పీకర్ని ఓటింగు మూసేయమన్నాను. అందుకే పోయింది. వాళ్లలో ఒక్కడు కూడా బిల్లు చదవలేదు."

ఆర్విడ్ అప్పుడు తిరిగి చూశాడు. కోపంగా కూడా కాదు, చిన్నప్పుడు ఆమె గాలం విరగ్గొట్టి చేప కొరికిందని చెబితే చూసినట్టు చూశాడు.

"అంతమంది పెద్దమనుషులు, రాష్ట్రాన్ని ఏలేవాళ్లు, చట్టం మీద సరదాకి ఓటేశారా?"

"అవును."

"చెబితే కాస్త నమ్మేలా చెప్పవే వెర్నా. నీదొక్కటే పచ్చ. పేపర్లో చూశాను, రికార్డు తెప్పించుకుని కూడా చూశాను. నీ పేరు రాసి ఉంది."

 వంతెన ఉందని ఏ పుస్తకం చెప్పినా నమ్మని మనిషి, ఈ రికార్డుని మాత్రం నమ్ముతున్నాడు. ఆ మాట అందామనుకుంది వెర్నా. ఎదురుగా సెల్మా నీరసంగా తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. సూది గుచ్చిన చేతికి ఇంకా పట్టీ ఉంది.

"చలిగా ఉంది, తీసుకెళ్లు," అంది వెర్నా.

ట్రక్కు మంచు మీదికి దిగింది. రెండు వరుసల ఎండు చెట్ల మధ్య నుంచి దీవి వైపు పోయింది. వెర్నాకి డెల్బర్ట్ టోపీ లాగి మంచులో తొక్కాలనిపించింది, ఆర్విడ్ మీద పట్టలేనంత కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ బండి అవతలి ఒడ్డెక్కి, కంగాస్ వాళ్ల ఇంట్లో దీపం వెలిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.